అమ్మ విడిపించుకున్న లైసెన్సు

మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. అలా అన్నవాళ్ళెవరూ మా ఇంట్లో ఉండి చూడలేదు. అమ్మ పగబట్టిందంటే కేకలుండవు, శాపనార్థాలుండవు. కూర్చుని కాచుకుంటుంది, అంతే. నాకైతే కోపం వస్తే వీధి చివరిదాకా వినపడుతుంది, అరగంటలో చల్లారిపోతుంది. నా కోపంతో ఇంతవరకూ ఒక్క పనీ అయింది లేదు.

అమ్మ చేసేది పంచింగ్. ఎంబ్రాయిడరీ మిషను సూది ఎక్కడ దిగాలో, ఎటు తిరగాలో, దారం ఎక్కడ తెగాలో ముందు కంప్యూటర్ మీద గీసి ఇవ్వాలి. ఆ గీయడాన్నే పంచింగ్ అంటారు. బడి చొక్కాల మీద బ్యాడ్జీలు, ఆసుపత్రి కోట్ల మీద పేర్లు, ఆటగాళ్ళ టోపీల మీద సింహాలు, గద్దలు. అమ్మ గీసిన గద్ద టోపీ మీద కూర్చుని మన వంక గుడ్లురిమి చూసేది.

టైర్ల దుకాణం పైనున్న రెండు గదుల్లో ఎంబ్రాయిడరీ షాపు పెట్టింది ఇద్దరు తోటికోడళ్ళు, మా అమ్మా మా పెద్దమ్మా. మిషన్లు పెద్దమ్మ కొంది. పంచింగ్ సాఫ్ట్‌వేరు అమ్మ కొంది. లైసెన్సు ఎవరి ఈమెయిలు మీద ఇవ్వమంటారని కంపెనీవాళ్ళు అడిగితే పెద్దమ్మ చెయ్యి విదిలించింది.

"నాకెందుకే ఆ మెయిళ్ళూ గియిళ్ళూ! నీ పేరున పడెయ్."

పెద్దమ్మ మాటకారి. కొలతలు తీసుకోవడం, బేరాలాడటం, ఆలస్యమైతే కస్టమర్లకు సర్దిచెప్పడం ఆవిడ పని. లోపలి గదిలో తల వంచుకుని గీయడం అమ్మ పని. చాలా ఏళ్ళు అలా బాగానే జరిగిపోయింది.

ఆ తర్వాత అమ్మకు కడుపులో రాళ్ళు తీశారు. ఆసుపత్రి నుంచి వచ్చి, కాస్త నడవగలిగాక షాపుకు వెళ్తే తలుపుకు కొత్త తాళం ఉంది. పెద్దమ్మ మెట్ల మీదే ఎదురైంది. "ఎందుకే ఆరాటం? ఒళ్ళు కుదుటపడనీ" అంది. మళ్ళీ వెళ్తే ఇంకో వంక చెప్పింది. మూడోసారి తలుపే తీయలేదు. అసలు సంగతి ఏమిటంటే, అమ్మ మంచం మీదున్నప్పుడు పెద్దమ్మ పాత డిజైన్లలో పేర్లు మార్చడం నేర్చేసుకుంది. రోజువారీ బేరానికి అది చాలు. ఇక గీసే మనిషెందుకు, ఆ మనిషికి వాటా ఎందుకు?

వాటా పోతే పోయింది అనుకునేవాళ్ళమేమో. పెద్దమ్మ అక్కడితో ఆగలేదు. అమ్మ ఏదీ అని అడిగిన కస్టమర్లందరికీ ముఖం దీనంగా పెట్టి ఒకటే చెప్పింది. "పాపం, మా చెల్లికి చూపు పోయిందండీ. సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతోంది." పంచింగ్ చేసే మనిషికి చూపు పోయిందనడం వంటమనిషికి రుచి తెలియడం లేదనడం లాంటిదే. అమ్మ వేరే షాపులకు పని అడగడానికి వెళ్తే కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకున్నారు కూడా. పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ చెయ్యి పట్టుకోవడమే అమ్మను కాల్చేసింది.

నాన్నను వెళ్ళి అడగమంటే, "అన్నయ్యతో నేనేం మాట్లాడతాను?" అన్నాడు. నాన్నకు అన్నయ్యంటే భయం, ఆ అన్నయ్యకు భార్యంటే భయం. ఆ కుటుంబంలో ఎవరికీ భయపడనిది పెద్దమ్మ ఒక్కతే.

అమ్మ కర్టెన్లకు అంచులు కుట్టే పని ఇంటికి తెచ్చుకుంది. ఆ డబ్బుతో ఒక కంప్యూటర్ కొంది. సాఫ్ట్‌వేరు ఎక్కించబోతే, ఈ లైసెన్సు ఇప్పటికే వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉందని తెర మీద వచ్చింది. కంపెనీకి రాస్తే జవాబిచ్చారు. లైసెన్సు ఒక్క కంప్యూటర్‌కే, పాతది పనిచేస్తున్నంత కాలం దాని ముందు కూర్చుని, మీ పాస్‌వర్డ్ కొట్టి, దాంట్లోంచే విడిపించుకోవాలి అని.

తనదాన్ని తను విడిపించుకోవడానికి అమ్మకు కావలసింది ఆ లోపలి గదిలో ఐదు నిమిషాలు. పెద్దమ్మ గుమ్మం తొక్కనివ్వదు.

"సుత్తి పట్టుకెళ్ళి ఆ పెట్టె బద్దలుకొట్టి వస్తాను" అన్నాను నేను.

"వద్దు" అంది అమ్మ. "ఆవిడే నన్ను పిలవాలి. అన్నం ఉడికేదాకా ఉన్నాం, ఉమ్మగిల్లేదాకా ఉండలేమా?"

అప్పటినుంచి, ఆస్తి ఉన్న ముసలాయన ఆరోగ్యం గురించి బంధువులు వాకబు చేసినట్టు, అమ్మ ఆ కంప్యూటర్ ఆరోగ్యం వాకబు చేసేది. నేను టైర్ల దుకాణం మీదుగా వచ్చినప్పుడల్లా, "దాని ఫ్యాను మోత కిందికి వినపడుతోందా?" అని అడిగేది. వినపడుతోందంటే ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తినేది.

ఒక ఉదయం పెద్దమ్మ ఫోన్ చేసింది. అమ్మ చేతిలో అంచు కుట్టే గుడ్డ ఉంది, ఫోన్ స్పీకర్‌లో పెట్టమంది.

"ఏమే, బాగున్నావా? ఏం లేదే, చిన్న పని. పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని కొత్తది కొన్నాను. అమ్మినవాడు అన్నీ దాంట్లోకి ఎక్కించాడు గానీ ఆ సాఫ్ట్‌వేరు మాత్రం నీ పాస్‌వర్డ్ అడుగుతోందట. కాస్త చెప్పు, రాసుకుంటా."

"ఫోన్లో చెప్తే అయ్యేది కాదక్కా. ముందు పాతదాంట్లోంచి తీయాలి. నేనే రావాలి."

"వస్తే ఇంకా మంచిది. బడి ఆర్డరు నెత్తి మీదుంది" అంది పెద్దమ్మ. ఆ తర్వాత ఏం చేస్తావని ఆవిడ అడగలేదు. అడగాలని తట్టి ఉండదు. నోట్లో నాలుక లేని మనిషి కదా!

అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. నేనూ వెంట వెళ్ళాను. ఆ దృశ్యం చూడకుండా ఇంట్లో కూర్చునే మంచితనం నాకు లేదు.

షాపులో బడి గుమాస్తా ఒకాయన, ఆసుపత్రి స్టోరు చూసే ఆవిడ బల్ల మీద కూర్చుని ఆర్డర్ల కోసం చూస్తున్నారు. మిషను సూదిలో దారం తెగింది. పెద్దమ్మ కళ్ళద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ, దారం కొసను పెదాలతో తడుపుకుంటూ ఎక్కించలేక అవస్థ పడుతోంది. అమ్మ వెళ్ళి దారం అందుకుని ఒక్క విసురున ఎక్కించింది. గుమాస్తా కళ్ళు చిట్లించి అమ్మ వైపు చూశాడు.

పాత కంప్యూటర్ రొప్పుతూ రొప్పుతూ తెరుచుకుంది. అమ్మ పాస్‌వర్డ్ కొట్టింది. ఈ కంప్యూటర్ నుంచి లైసెన్సు తీసివేయాలా అని అది అడిగింది. అమ్మ తీసేయమంది. నిజంగానేనా అని మళ్ళీ అడిగింది. నిజంగానే అంది. తెర మీది డిజైన్ మాయమైంది. అమ్మ సంచీ భుజాన వేసుకుని లేచింది.

"మరి కొత్తదాంట్లో ఎక్కించవే?" అంది పెద్దమ్మ.

"ఎక్కించను. ఇది నాదక్కా. ఇంటికి పట్టుకెళ్తున్నా."

పెద్దమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం కందగడ్డ అయింది. "ఇంటి మనిషివై ఉండి నా గొంతు కోస్తావుటే! ఇన్ని ఆర్డర్లు పెట్టుకున్నాను, కనబడటం లేదూ?"

"చూపు లేనిదాన్ని. నీ ఆర్డర్లు నాకేం కనబడతాయి?"

"నీకు చూపు లేదని ఎవరన్నారే?"

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "మీరే కదమ్మా అన్నారు. మా హెడ్మాస్టరుగారికి కూడా చెప్పారు." ఆసుపత్రి ఆవిడ, "నాతోనూ అన్నారు" అంది.

పెద్దమ్మ తన కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. నాకు ఈల వేయాలనిపించింది. అమ్మ నా చెయ్యి పట్టి మెట్లు దింపుకుని వచ్చేసింది.

సాయంత్రానికి మా ఇంటి కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. నాన్న గుమ్మంలో నిలబడి, "ఇంతకీ కసి తీరిందా?" అన్నాడు భయంభయంగా.

"ఇంకా లేదు" అంది అమ్మ.

పాత డిజైన్లన్నీ పెద్దమ్మ దగ్గరే ఉండిపోయాయి. సాఫ్ట్‌వేరు లేకుండా వాటిలో అక్షరం మార్చడానికి లేదు. కొత్త లైసెన్సు కొనాలంటే మిషను అమ్ముకోవాలి. అమ్మ మాత్రం అన్నీ మొదటినుంచి గీసుకుంది. కొత్త గద్దకు పాతదాని కంటే కోపం ఎక్కువ. బడి గుమాస్తా వచ్చాడు, ఆసుపత్రి ఆవిడ వచ్చింది, మిషన్లున్న మిగతా షాపులవాళ్ళు పంచింగ్ కోసం వచ్చారు. ముందు గదిలో వాళ్ళకోసం నాలుగు కుర్చీలు వేశాం. ఎవరూ అమ్మ చెయ్యి పట్టుకోవడం లేదు.

నెల తిరక్కుండానే పెద్దమ్మ వచ్చింది. చేతిలో, పంచింగ్ చేయించాల్సిన పేర్లు రాసిన కాగితం ఉంది. నాన్న అలవాటు కొద్దీ లేచి, "రా వదినా, కూర్చో" అంటూ కుర్చీ జరిపాడు.

"అవి కస్టమర్లకి" అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

పెద్దమ్మ నిలబడిపోయింది. కూర్చున్నవాళ్ళు ఆవిడ వైపు చూశారు. వాళ్ళందరికీ ఆవిడ తెలుసు. ఆవిడ కాగితాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. జాలి వేస్తుందేమోనని నాలోకి నేను చూసుకున్నాను. వేయలేదు.

"నేనూ కస్టమర్నేనే" అంది చివరికి, నేలకేసి చూస్తూ.

"అయితే కూర్చో అక్కా. నీ ముందు ముగ్గురున్నారు."

పెద్దమ్మ చివరి కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పూట అమ్మ ఒక్కో అక్షరాన్నీ చెరిపి, మళ్ళీ గీసి, దగ్గరికి జరిపి చూసుకుంది. అంత నెమ్మదిగా అమ్మ పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు.