బావ నేర్పిన వెనక దారి

మా బావ రాష్ట్రం మొత్తానికి పోలీసు అధిపతి అయ్యాడని తెలిసిన రోజున మా అక్క అన్న మొదటి మాట, ఇక ఈయన్ని పట్టలేమని. కానిస్టేబులుగా చేరినప్పుడూ అదే అంది. ఇస్త్రీ చొక్కా తొడిగితే చాలు, బావ మెడ దానంతటదే బిగుసుకుపోతుంది. కళ్లద్దాల కొట్టు పెట్టుకుని బతికే నాలాంటి బావమరిదికి ఆ మెడే ఇన్నాళ్లూ కాలక్షేపం.

మెట్టు మెట్టుగా పైకొచ్చిన మనిషి. ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఇన్‌స్పెక్టరుగా ఉండగా ఒక పద్ధతి పెట్టాడు. నేరస్థుణ్ణి పట్టుకోవడానికి వీధి వైపు నుంచి వెళ్లకూడదు, వెనక సందులోంచి వెళ్లాలి. వీధిలో కుక్క మొరిగేలోగా వాడు పెరటి గోడ దూకేస్తాడని ఆయన వాదన. ఆ పద్ధతితో పేరొచ్చింది, పేరు వెంట పదవులొచ్చాయి. శిక్షణకు వచ్చే కొత్తవాళ్లకు ఇప్పటికీ అదే పాఠం.

పదవీకాలం ఇంకో ఏడాది పొడిగిస్తారని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆ పద్ధతే కొంప ముంచింది. దొంగ తుపాకులు అమ్మే ముఠా ఒక ఇంట్లో దాక్కుందని కబురొచ్చింది. వెనక గోడల మీద ఇంటి నంబర్లు ఉండవు కాబట్టి, వరసలో ఎడమ నుంచి మూడో ఇల్లు అని గుర్తు చెప్పారు. చెప్పినవాడు వీధిలో నిలబడి చూసి చెప్పాడు. దళం వెనక సందులోంచి వెళ్లింది. అటు నుంచి ఎడమ కుడి అవుతుందని ఆ హడావుడిలో ఒక్కరికీ తట్టలేదు. తలుపు బద్దలుకొట్టి లోపలికి దూకితే అక్కడున్నది ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. పెనుగులాటలో డ్రైవరు చెయ్యి విరిగింది.

దళాన్ని నడిపించిన ఇన్‌స్పెక్టరును ఉద్యోగంలోంచి తీసేస్తే గొడవ సద్దుమణుగుతుందని పైవాళ్లు బావకు చెప్పారు. ఆయన సంతకం పెడితే చాలు, పొడిగింపు చేతికొచ్చినట్టే. బావ భోజనం దగ్గర కూర్చుని కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయేవాడు. నాకు ఒళ్లు మండింది. ఎవడు చేసింది వాడు అనుభవిస్తాడు, మధ్యలో మీకెందుకు అన్నాను.

"వెనక నుంచి వెళ్లమని నేర్పింది నేనురా. అటు నుంచి చూస్తే అంతా తిరగబడుతుందని చెప్పకుండా వదిలేసిందీ నేనే" అన్నాడు.

విచారణలోనూ అదే చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఉద్యోగం నిలిచింది, బావ పొడిగింపు పోయింది. అక్క పల్లెత్తు మాట అనలేదు. నాకైతే ఆ మనిషికి బావమరిదినైనందుకు మొదటిసారి గర్వంగా అనిపించింది. పైకి చెబితే నెత్తినెక్కుతాడని చెప్పలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం, డ్రైవరు ఇంటికి వెళ్లాలి, స్కూటరు తియ్యమన్నాడు. ఈసారి వీధి వైపు నుంచే వెళ్లాం. కొత్త తలుపుకు ఇంకా రంగు వెయ్యలేదు. చేతికి కట్టుతో ఉన్న డ్రైవరు మాకు కుర్చీలు చూపించాడు. బావ క్షమించమని అడిగాడు. డ్రైవరు తల దించుకుని అంతా విన్నాడు.

"పేపర్లో చదివాను సార్. మీ అంతటివాళ్లు ఒప్పుకోవడం గొప్పే. కానీ తలుపు చప్పుడైతే చాలు, మా ఆవిడ పిల్లల్ని లాక్కుని వంటింట్లోకెళ్లి గడియ పెట్టుకుంటోంది. ఇప్పుడూ అక్కడే ఉంది."

బావ లేచి వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"అమ్మా, మీరు బయటికి రానక్కర్లేదు. మేమే వెళ్లిపోతున్నాం" అన్నాడు.

మేం మెట్లు దిగి వీధిలోకి వచ్చాకే గడియ తీసిన చప్పుడైంది.