శ్రీశైలం మార్చిన కండెన్సర్, నేను పోసిన సాక

మా శ్రీశైలం మొదటి గెలుపు 2008 మే నెలలో, కోరుట్లలో. ముగ్గురు మెకానిక్‌లు చేతులెత్తేసిన కారులో, కొత్తగా గ్యాస్ ఏమీ నింపకుండానే, చల్లగాలి రప్పించాడు. అప్పటికి వాడికి ఇరవై ఏళ్లు. పని నేర్చుకుంటూ మూడేళ్లు.

ఆ కారు సిరిసిల్లలో సాంచాలు నడిపే ఒక ఆసామిది. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. పొద్దంతా కారు సాంచాల షెడ్డు పక్కనే నిలబడేది. రోడ్డు మీద పరుగెత్తినంతసేపు ఏసీ కాస్త పనిచేసేది, ఆగితే వేడిగాలి. ఎక్కడికి తీసుకుపోయినా గ్యాస్ తగ్గిందని చెప్పి నింపి పంపేవాళ్లు. శ్రీశైలం మాత్రం ముందు జాలీలోంచి టార్చి వేసి కండెన్సర్‌ను చూశాడు.

కండెన్సర్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. రేడియేటర్‌కు ముందు నిలబడే సన్నని అల్యూమినియం జల్లెడ అనుకోండి. కారు లోపలి వేడిని మోసుకొచ్చిన గ్యాస్ దాని గొట్టాల్లో తిరుగుతూ ఆ వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. జల్లెడ రెక్కల సందుల్లోంచి గాలి దూరితేనే ఈ పని జరుగుతుంది. ఆ కారులో సందులే లేవు. నూలు పీచు దుప్పటిలా పట్టేసింది. వాడు బంపర్ ఊడదీసి, మెత్తని బ్రష్‌తో రెక్కల వాలు ప్రకారం దులిపి, ఇంజను వైపు నుంచి బయటికి చెంబుతో నీళ్లు పోసి కడిగాడు. వంగిన రెక్కలను ఒక్కొక్కటే సరిచేశాడు. అందుకు సగం పూట పట్టింది. వాడి ఉస్తాద్ ముత్తయ్య ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. ఆ రోజు మాత్రం తన పానాల పెట్టె తాళం వాడి చేతికిచ్చాడు.

నేను వాడికి పెద్దబాపును, పేరు చంద్రయ్య. తంగళ్ళపల్లి బడిలో ఏడో తరగతి వరకు చదివినవాణ్ని. రోజుకు ముప్పై తాళ్లెక్కి కల్లు దించినవాణ్ని. పన్నెండేళ్లు మా కల్లుగీత సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్నాను. నా మాట మీద రెండు ఊళ్ల పంచాయితీలు తెగాయి. ఇదంతా గొప్పకే చెబుతున్నాను, తప్పేముంది? అయితే మా సొసైటీ పత్రిక ఈ సంచికలో రాయాల్సింది నా గొప్పలు కాదు.

శ్రీశైలం నా తమ్ముడు కొమురెల్లి కొడుకు. కొమురెల్లి 2005లో చెట్టు మీద నుంచి పడ్డాడు, నడుము పోయింది. కొడుకును చెట్టెక్కనివ్వనని మంచంలోంచే ఒట్టు పెట్టుకున్నాడు. అట్లా శ్రీశైలం కోరుట్లకు, అక్కడి నుంచి జగిత్యాలకు, 2011లో మస్కట్‌కు పోయాడు. ఏడేళ్లు ఒక కంపెనీ బస్సుల ఏసీలు చూశాడు. ఇసుక నిండిన కండెన్సర్‌ను ఎట్లా కడగాలో మన వైపు నుంచి పోయిన పదకొండు మందికి నేర్పాడు. 2018లో తిరిగొచ్చి సిరిసిల్ల బైపాస్ పక్కన షెడ్డు వేసుకున్నాడు. ఇక మళ్లీ ఎడారి మొహం చూడనని భార్య రేణుకకు మాటిచ్చాడు. ఆ షెడ్డు నిలిస్తే మనిషి ఇక్కడ ఉంటాడు, లేకపోతే లేదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. నాకూ తెలుసు. తెలిసీ చేశాను.

రాజమౌళి అని సిరిసిల్లలో కారు నడుపుతాడు. గల్ఫ్‌కు పోయేవాళ్లను శంషాబాద్ విమానాశ్రయంలో దింపడం అతని పని. 2022లో అతని కారు కండెన్సర్ రాయి తగిలి కారిపోయింది. శ్రీశైలం కొత్తది వేశాడు. పాత గ్యాస్ పద్ధతిగా తీసేశాడు. విప్పిన గొట్టాల మూతులకు తేమ తగలకుండా బిరడాలు బిగించాడు. కొత్త రబ్బరు రింగులకు నూనె రాసి వేశాడు. తేమ పట్టే డబ్బా కూడా మార్చాడు. అరగంట పైన వాక్యూమ్ పట్టి, అది దిగకుండా నిలిచిందని చూసుకుని, గ్యాస్‌ను తూకం వేసి నింపాడు. నేను స్టూలు వేసుకుని కూర్చుని అంతా చూశాను. తొందరపడి వదిలేసిన పని ఒక్కటీ లేదు.

మరునాడే ఆ కారు వీర్నపల్లి మనిషిని తీసుకుని శంషాబాద్ పోవాలి. మాలో మనిషి దూరం పోయేటప్పుడు ఎల్లమ్మ పేరు మీద కల్లు నైవేద్యంగా ఒలకబోస్తాం, దాన్నే సాక అంటాం. నేల మీదే పోయాలి, అది ఆచారం. ఆ రోజు నలుగురు డ్రైవర్లు చూస్తున్నారు. మనిషిని మోసేది బండి కాబట్టి బండికే తాపాలన్నాను. కల్లు లొట్టి ఎత్తి ముందు జాలీ మీద పోయబోయాను. శ్రీశైలం చేయి అడ్డం పెట్టాడు.

"పెద్దబాపూ, కింద పొయ్యి. లోపల అల్యూమినియం ఉన్నది. పులుపు పడితే తింటది."

"ఎల్లమ్మ సాక నీ జల్లెడను తింటదారా? ఏడేండ్లు మస్కట్ల ఉంటే దేవతలు గూడ మెకానిక్‌లే అనుకున్నవా?"

అందరూ నవ్వారు. వాడు చేయి తీశాడు. నేను పోశాను.

ఒక్కసారితో కండెన్సర్ పోయేది కాదేమో. కానీ సొసైటీ అధ్యక్షుడు చేసిన పని కదా, మరుసటి వారానికి ఆచారమైంది. ఎవరు గల్ఫ్‌కు పోయినా, ఇంటివాళ్లు ఆ కారు జాలీ మీద లొట్టి వంచడమే. వారానికి రెండు సార్లు, మూడు సార్లు. కరోనా తర్వాత తోవలు తెరిచిన ఏడాది అది. పోయేవాళ్లకు కొదవ లేదు. నాకు సంబరంగా కూడా ఉండేది.

సాక మొదలైన అయిదో నెలలో కారు శామీర్‌పేట దగ్గర వేడెక్కి నిలబడిపోయింది. అందులో ఉన్న మనిషికి విమానం తప్పింది. మరునాడు రాజమౌళి, ఇంకో ముగ్గురు డ్రైవర్లు షెడ్డు ముందు చేరారు. నేనూ ఉన్నాను. శ్రీశైలం బంపర్ ఊడదీశాడు. కల్లు తీపికి సాంచాల పీచంతా అంటుకుని గోధుమరంగు పిండిలా గట్టిపడింది. వెనకున్న రేడియేటర్‌కు గాలే అందలేదు. పిండి గీకితే కింద అల్యూమినియం తెల్లగా పొడి రాలింది. ఒక మూల గొట్టానికి సూదిమొనంత రంధ్రం, చుట్టూ నూనె మరక. కడగని కల్లుకుండ వాసన. ముప్పై ఏళ్లు ఆ వాసనలో బతికినవాణ్ని, నాకెవరూ చెప్పనక్కర్లేదు.

కొత్త సామాను అయిదు నెలలకే ఎట్లా పోయిందని, డూప్లికేట్ వేశావా అని రాజమౌళి నిలదీశాడు. శ్రీశైలం నా వైపు ఒకసారి చూశాడు.

"నా పనిల్నే తప్పయింది. మళ్ల నేనే మారుస్త."

నేను నోరు తెరవలేదు. రెండు ఊళ్ల పంచాయితీ తెంపిన నోరు.

వాడు మళ్లీ మార్చి ఇచ్చాడు. కారు చల్లగానే నడిచింది. కానీ డూప్లికేట్ అన్న మాట కార్ల అడ్డా అంతా పాకింది. కడగాలన్నా జనం కార్లను ప్రెషర్ పంపుల దగ్గరికి తోలుకుపోయారు. ఆ పంపు దెబ్బకు రెక్కలు వంగి గాలి తోవ మూసుకుపోతుందని శ్రీశైలం చెబితే వినేవాడు లేడు. సాంచాల పని తగ్గి ఆసాములూ రావడం మానేశారు. 2023 జనవరిలో షెడ్డుకు తాళం వేసి వాడు మళ్లీ మస్కట్ పోయాడు. పోయే రోజు సాక నేల మీద పోశాను. అప్పటికి దాంతో ఒరిగేదేమీ లేదు.

రేణుక బీడీలు చుడుతుంది. నిరుడు వాళ్లింటికి పోతే తల ఎత్తకుండానే అన్నది.

"మామా, ఆయన మీ మర్యాద కాపాడిండు. మీరు ఆయన పని కాపాడలే."

ఆకు కత్తిరిస్తూనే ఉంది. నేను చాయ తాగకుండా లేచి వచ్చాను. కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పుకోలేని కోపం. ఆ కోపంతోనే ఇంకో ఏడాది గడిపాను.

ఈ దసరాకు కార్ల పూజ దగ్గర ఒకరు లొట్టి జాలీ మీదికి ఎత్తారు. నేను పట్టుకున్నాను. నలుగురిలో జరిగింది జరిగినట్టు చెప్పాను, కండెన్సర్‌ను తిన్నది నేను పోసిన కల్లేనని. ఎవరూ నవ్వలేదు. రాజమౌళి చేతులు కట్టుకుని విన్నాడు.

"మూడేండ్లకు నోరు లేచిందా కాకా? గా మనిషి షెడ్డు మూతవడ్డంక?"

అతను తన సాక నేల మీద పోసి కారెక్కి పోయాడు. శ్రీశైలం షెడ్డు తెరిస్తే వస్తానని గానీ, రానని గానీ అనలేదు. ఇంకొకతను నా ముందే జాలీ మీదే పోశాడు. పెద్దాయనే మొదలుపెట్టిండు గదా అన్నాడు. నేను నేర్పిన ఆచారం నేను ఆపితే ఆగడం లేదు. అందుకే ఈ సంచికలో రాస్తున్నాను. చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పండి. శ్రీశైలం వేసిన కండెన్సర్ డూప్లికేట్ కాదు, వాడి పనిలో తప్పు లేదు.

మస్కట్‌కు ఫోన్ చేసి ఇదంతా వాడికి చెప్పాను. వాడు ఒక్కటే అడిగాడు, రాజమౌళి కారును ఎవరన్న ప్రెషర్ పంపుతోటి కొట్టిన్రా అని. తెలియదన్నాను. కంపెనీ వాడి సెలవును ఇప్పటికి రెండుసార్లు రద్దు చేసింది. బదులు మనిషి దొరకలేదట. వాడిలా పని నేర్చినవాడు అక్కడ దొరకడు, ఇక్కడేమో వాడి షెడ్డుకు తాళం. రేణుక షెడ్డు తాళానికి నూనె వేయించింది, కానీ ఈసారైనా వస్తాడని ఎవరితోనూ అనడం లేదు. టికెట్ చేతికొచ్చిందని మొన్న కబురు పెట్టాడు. రావాల్సిన రోజు 2025 డిసెంబరు 11.