మా ఆయన తాగేవారని చెప్పాను

పాతికేళ్లు దాటింది. ఈ మాట ఇన్నేళ్లూ నా గొంతులో అడ్డంగానే ఉంది. మింగలేను, కక్కలేను. మా పాస్టర్‌గారి దగ్గర రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ "ఊరికే, ప్రార్థన చేయించుకుందామని వచ్చానండి" అని లేచి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాననుకుంటాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు.

తొంభైల చివర్లో సంగతి. నేను కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక స్కూల్లో టీచర్ని. పెళ్లయ్యాక గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. అప్పుడు మాదాపూర్‌లో పెద్ద ఆఫీసులు లేస్తున్నాయి, పగలంతా బండలు పేల్చే మోత. ఆ పక్కనే ఉన్న మిషన్ దవాఖానవాళ్లు, తాగే భర్తలున్న ఆడవాళ్ల కోసం ఒక గ్రూపు పెట్టాలనుకున్నారు. కౌన్సెలింగ్‌లో ఆరు నెలల శిక్షణ తీసుకున్నానని ఆ పని నాకు అప్పగించారు. ఏడుగురు ఆడవాళ్లు. శనివారం మధ్యాహ్నాలు. వాళ్లు హాయిగా నేలమీద కూర్చుంటే, కాదు కాదంటూ లేపి కుర్చీలు గుండ్రంగా వేసి కూర్చోబెట్టాను. పుస్తకంలో అలాగే ఉంది మరి!

మాకు శిక్షణ ఇచ్చిన మేడమ్ ఒక నియమం గట్టిగా చెప్పారు. గ్రూపులో ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు. నువ్విలా చెయ్యి, అలా చెయ్యి అనకూడదు. ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకోవాలి, అంతే. వినేవాళ్లు అందులోంచి తమకు పనికొచ్చేది తీసుకుంటారు. మంచి నియమమే, ఇప్పటికీ కాదనను. కానీ చెప్పుకోవడానికి నాకు అనుభవం ఏదీ? మా ఆయన డ్రాఫ్ట్స్‌మన్. చర్చి గాయక బృందంలో పాడతారు. ప్రభు భోజనంలో ఇచ్చే గుక్కెడు ద్రాక్షరసం తప్ప ఆయన నోట్లో అలాంటిదేదీ పడలేదు.

ఐదు వారాలు గడిచాయి. ఎవరూ నోరు విప్పరు. నేనడుగుతాను, వాళ్లు కొంగుతో ముఖం తుడుచుకుంటారు. గోడ గడియారం చూస్తారు. ఒళ్లు మండిపోయేది నాకు. ఎండలో రెండు బస్సులు మారి వస్తున్నాను, వీళ్లకేం పట్టదా? ఆరో వారం ఆ మాటే కాస్త మెత్తగా అన్నాను. అప్పుడు యాదమ్మ లేచింది. పుప్పాలగూడ మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో, ఇద్దరు పిల్లలు. మొగుడు నర్సింహ బండరాళ్లు మోసే ట్రాక్టర్ నడుపుతాడు. "గా బాధ నీకేమెరుక టీచరమ్మా? నీ పెనిమిటి తాగడు గద" అంది.

తిట్టలేదు, నిజం చెప్పింది. నేను మాత్రం మాటపడినట్టు ఉడుక్కున్నాను. అంతే, నోట్లోంచి వచ్చేసింది: మా ఆయన కూడా తాగేవారు. రెండేళ్లు. ఒకరోజు పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయాను. ఇరవయ్యో రోజున వచ్చి, ఇంక ముట్టనని ఒట్టేసి తీసుకెళ్లారు.

నోరు జారానని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ జారిన నోరు ఇరవై రోజులని లెక్క చెబుతుందా? ఆ అబద్ధానికి ఇల్లూ వాకిలీ అన్నీ అప్పటికప్పుడు కట్టాను. సలహా ఇవ్వకూడదు కాబట్టి, ఇవ్వాలనుకున్న సలహాకు అనుభవమని పేరు పెట్టాను. ఇంకో సిగ్గులేని మాట చెప్పనా? అది పనిచేసింది. ఆ రోజు ఏడుగురూ మాట్లాడారు. ఏడ్చారు. ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈ పని నాకు బాగా వచ్చేసిందని మురిసిపోయాను.

యాదమ్మ నా మాట పట్టుకుంది. పిల్లలిద్దరినీ తీసుకుని తెల్లాపూర్‌లో అన్న ఇంటికి వెళ్లిపోయింది. ఇరవై రోజులైంది. నర్సింహ రాలేదు. నలభై రోజులైంది. వదిన ముఖం ముడుచుకోవడం మొదలుపెట్టింది. ఇక అక్కడ ఉండలేక ఒక ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేసి లేచేసరికి, మా గుమ్మంలో నిలబడింది. నా కోసం కాదు, మా ఆయన కోసం. తాగి మానినోడు చెబితే తాగేటోడు వింటాడని, సార్ ఒక్కసారి వచ్చి నర్సింహకు నచ్చజెప్పాలని.

ఆయన నా ముఖంలోకి చూశారు. ఒక్క క్షణం. నేను కంచాలు తీస్తున్నట్టు తల దించుకున్నాను. ఆయన లోపలికి వెళ్లి చొక్కా మార్చుకుని ఆమె వెంట వెళ్లారు.

చీకటిపడకముందే తిరిగొచ్చారు. "ఏం తాగేవాడివి సార్ అని నర్సింహ అడిగాడు. ఒక్క పేరూ చెప్పలేకపోయాను" అన్నారు. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అరిచి ఉంటే ఎంత బాగుండేది! అబద్ధం ఎందుకాడావని నిలదీసి ఉంటే, ఆ కోపంలో అయినా నేను వెళ్లి యాదమ్మకు నిజం చెప్పేదాన్నేమో. చూశారా, ఇక్కడా తప్పు ఆయన మీదికి తోస్తున్నాను.

ఇక్కడివరకూ చేసింది అబద్ధం. తరవాతి శనివారం చేసింది వేరు.

యాదమ్మ ఆ రోజు అందరికంటే ముందే వచ్చింది. అందరూ కూర్చున్నాక లేచి నిలబడింది.

"టీచరమ్మా, ఒక్క ముచ్చట అడుగుత. సార్ ఎన్నడు తాగలే గద?"

అవును, తాగలేదు. రెండు మాటలు. రాలేదు. దానికి బదులు శిక్షణలో నేర్పిన మాట వచ్చింది. "ఇది అడుగుతుంటే నీ మనసులో ఏమనిపిస్తోంది యాదమ్మా?"

"మనసుల ఏముంటది? నేను అడిగినదానికి చెప్పు."

"నీకు కోపంగా ఉంది. ఆ కోపం నర్సింహ మీద. అతని మీద చూపలేక నా మీద చూపిస్తున్నావు" అన్నాను. ఎంత మెత్తగా అన్నానో! తరవాత ఆమెను వదిలేసి మిగతావాళ్ల వైపు తిరిగాను. "మీకేమనిపిస్తోంది?"

ఆ ప్రశ్న ఎందుకడిగానో నాకు తెలుసు. గుండ్రంగా కూర్చున్న ఆరుగురూ నా వాళ్లని తెలుసు. అందరిలోకీ పెద్దావిడ సత్తెమ్మ మొదలుపెట్టింది. "తాగుబోతోని మాట వట్టుకొని టీచరమ్మనే అడుగుతవా? సిగ్గనిపిస్తలేదా?" ఇంకొకామె, "మనకోసం గింత ఎండల బస్సువట్టుకొని అస్తది పాపం" అంది. మిగతావాళ్లూ అందుకున్నారు. ఐదు వారాలు నోరు విప్పనివాళ్లు! నేను ఆపలేదు. తల ఊపుతూ విన్నాను. కౌన్సెలర్ అలాగే వినాలి కదా.

యాదమ్మ ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చింది. ఎక్కడైనా ఒక్కరు తన మాట నమ్ముతారేమోనని. చివరికి నా దగ్గర ఆగింది. అప్పటికే ఆమె ముఖంలో ఆ గట్టితనం పోయింది.

"ఏమో, నా దిమాక్ ఖరాబైంది. తప్పైంది టీచరమ్మా. మాఫ్ చెయ్యి" అంది.

"పర్వాలేదు యాదమ్మా. నేనేమీ అనుకోలేదు" అన్నాను.

అవునండీ. నేను ఆమెను క్షమించాను.

ఆ వారమే ఆమె నర్సింహ దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. గ్రూపుకి మళ్లీ రాలేదు. నెలన్నర తరవాత సత్తెమ్మ, ఇంకేదో మాట మధ్యలో, యాదమ్మకు ఎడమ చెవి వినబడడం లేదని, వాడు కొట్టాడని చెప్పింది. నేను అయ్యో అన్నాను. తరవాత మిగిలినవాళ్లను ఈ వారం ఎలా గడిచిందని అడిగాను. నెలవారీ రిపోర్టులో, ఒక సభ్యురాలు తన కోపం అసలు ఎవరి మీదో గ్రూపు సాయంతో గుర్తించిందని రాశాను. మేడమ్ మెచ్చుకున్నారు. కొత్తగా శిక్షణకు వచ్చినవాళ్లకు దాన్ని చదివి వినిపించారట కూడా.

పుప్పాలగూడ ఎంత దూరం? ఏ శనివారమైనా వెళ్లొచ్చు. ఆమె ఇల్లు కనుక్కోవడం కష్టమేమీ కాదు. నర్సింహకు భయపడి వెళ్లలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఛీ, అదీ అబద్ధమే. యాదమ్మకే భయపడ్డాను. నేను నిజం చెబితే ఆమె తిడుతుందని కాదు. ఇంకా నన్నే నమ్ముతూ, చెప్పింది వినకుండా కుర్చీ వేసి టీ పెడుతుందేమోనని.

మా ఆయన ఇప్పటికీ అడగలేదు. పక్క గదిలో పేపర్ చదువుతున్నారు. ఇది రాయడం అయ్యాక ఆయనకే ముందు చూపిస్తాను. చదివి ఏమంటారో తెలియదు. ఏమీ అనరేమో కూడా. మీరూ ఏమీ అనక్కర్లేదు. క్షమించే హక్కు మీకు లేదు, ఆయనకూ సగమే ఉంది.

యాదమ్మ ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా చదవడం రాదు. అయినా ఆ రోజు ఆమె నిలబడి అడిగినదానికి ఇన్నాళ్లూ జవాబు ఇవ్వలేదు. ఎవరైనా చదివి వినిపిస్తే, కుడి చెవి వైపు కూర్చుని వినిపించండి.

లేదు యాదమ్మా. సార్ ఎన్నడూ తాగలేదు. నీ దిమాక్ ఖరాబు కాలేదు. నువ్వన్నదే నిజం.