మా అవ్వ తాడు వదులు చేయించిన రోజు

ఆళ్లగడ్డ పక్కన మా ఊరి చర్చికి నా చిన్నప్పుడు గంటైతే వచ్చింది గానీ, దాన్ని వేలాడదీయడానికి స్తంభం లేదు. మా అవ్వ ఊరుకునే మనిషా! సంఘంలోని ఆడవాళ్లందరి చేతా అన్నం వండేటప్పుడల్లా ఓ పిడికెడు బియ్యం పక్కన తీయించింది. అవి అమ్మగా వచ్చిన డబ్బుతో నంద్యాల కట్టెల అడితిలో టేకు స్తంభం కొన్నారు. అది విరిగితే మళ్లీ కొనే శక్తి మాకెవరికీ లేదు.

స్తంభం ట్రాక్టర్ ట్రాలీ కన్నా బాగా పొడుగు. అందుకని మా చిన్నమామ ట్రాలీలో ముందొకటి, వెనకొకటి పంగ గుంజలు నిలబెట్టి, ఆ పంగల్లో స్తంభాన్ని పడుకోబెట్టి, పైనుంచి తాడు వేసి కట్టాడు. అవ్వా నేనూ ట్రాలీలోనే ఓ మూల కూర్చున్నాం. బండెక్కిన సంబరంలో నాకు ఎండ కూడా తెలియలేదు.

శిరివెళ్ల దాటాక గుంతల్లో స్తంభం ఊగడం మొదలుపెట్టింది. ఊగినప్పుడల్లా మాతో వచ్చిన మగవాళ్లు బండి ఆపడం, తాడు ఇంకాస్త బిగించడం. చివరికి వెనక గుంజ టప్పుమంది. పంగ మొదట్లో నిలువునా పగులు! ఇక చూడాలి, అందరూ మా చిన్నమామ మీద పడ్డారు. పచ్చి కట్టె తెచ్చావని ఒకరు, నిన్ను నమ్మడమే తప్పని ఇంకొకరు. పాపం, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మళ్లీ ఆ తాడే బిగించబోయాడు.

"నిలుపు నాయనా!" అంది అవ్వ. నా అరచెయ్యి తీసి పగులు మీద పెట్టి, మామను తాడు కొంచెమే లాగమంది. మామ లాగాడు. పగులు నా చేతి కింద నోరు తెరిచింది. వదలమంది. మెల్లగా దగ్గరికొచ్చింది.

"అవ్వా, మూసుకుంటాంది!" అని అరిచేశాను.

"చూసినారా? పగిలిండేదాన్ని పట్టుకోని ఇంకా బిగిస్తాండారు. వాన్ని తిట్టేది ఇంటికి పోయినాంక పెట్టుకోండి. ముందు బరువు ఎత్తండప్పా!"

తిట్టినవాళ్లే భుజాలు పెట్టి స్తంభాన్ని లేపారు. మామ గుంజకు రెండు పక్కలా బద్దలు వేసి, విరిగిన కాలికి కట్టినట్టు గట్టిగా చుట్టాడు. ఏటవాలుగా ఇంకో కట్టె ఊతం పెట్టి, పంగలో గోనెసంచి మడిచి వేశాడు. పైతాడు మాత్రం స్తంభం కదలనంత మేరకే కట్టాడు. పని జరిగినంతసేపూ అవ్వ చెయ్యి ఆయన వీపు మీదే ఉంది. పొద్దు వాలకముందే క్షేమంగా ఊరు చేరాం.

ఎంత వయసొచ్చినా, ఎవరైనా లోపల పగిలినట్టు కనిపిస్తే నాకు ఆ రోడ్డే గుర్తొస్తుంది. పోయినేడు మా మనవరాలు ఇంటర్ తప్పింది. ఫోను లాక్కుందామని, హాస్టల్లో పడేద్దామని ఇంట్లో తలా ఒక మాట. నాకు ఒళ్లు మండింది. అందర్నీ బయటికి పొమ్మని, ఆ పిల్ల పక్కన కూర్చుని, "ఈ పొద్దు పుస్తకం ముట్టొద్దు లేమ్మా, అన్నం తిందాం రా" అన్నాను. అప్పటిదాకా రాయిలా ఉన్న పిల్ల నా ఒళ్లో పడి భోరుమంది. కరువుతీరా ఏడ్చి లేచి, ఆకలేస్తోందంది. మర్నాడు నేను నిద్ర లేచేసరికి, వసారాలో కూర్చుని తనే చదువుకుంటోంది.