ఆదివారం పట్టుకునే బ్రేకు

1981 నాటి మాట. అప్పటికి నేను నంద్యాలలో ఉస్తాద్ దగ్గర పని మానేసి, ఆళ్లగడ్డలో ఒక రేకుల షెడ్డు వేసుకుని సొంతంగా మోటారు సైకిళ్ల రిపేరు మొదలుపెట్టాను. ఊళ్లో బండ్లు తక్కువ, మెకానిక్కులు ఇంకా తక్కువ. చుట్టుపక్కల దారులన్నీ నల్లరేగడి మట్టి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. ఆ రెండింటి పుణ్యాన నా ఇల్లు గడిచేది. బ్రేకు పడటం లేదని వచ్చేవాళ్లను రోజూ చూసేవాణ్ణి. బ్రేకు వదలడం లేదని వచ్చి, నన్ను నెలల తరబడి పిచ్చివాణ్ణి చేసిన మనిషి మాత్రం దేవదానం సారు ఒక్కడే.

ఆయన దొర్నిపాడు దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. భార్య సుగుణమ్మ నర్సు. కాన్పులు చేయడం ఆమె పని. ఏ పల్లెలో ఎవరికి నొప్పులొచ్చినా ఆమె కోసం మనిషి పరిగెత్తుకొచ్చేవాడు. సారు ఆమెను బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. ఆ బండి పాతది. గేరు కుడి కాలికి, వెనక బ్రేకు ఎడమ కాలికి ఉండే రకం.

మొదటిసారి వచ్చినప్పుడు సారు దాదాపు ఏడుపు మొహంతో ఉన్నాడు.

"ఎనక చక్రం పట్టుకుంటాందప్పా మస్తానూ. పోయే కొద్దీ బండి బరువెక్కుతాది. ఆఖరికి ఈడ్చినా రాదు."

"మరి ఈడికి ఎట్ల తెచ్చినావు సార్?"

"కొంచేపు నిలబెడితే అదే వదిలేస్తాది."

బండికి ఏమన్నా మార్చినావా అంటే ఏమీ లేదన్నాడు. బండిని స్టాండు వేసి వెనక చక్రం తిప్పాను. గిర్రున తిరిగింది. సరేలెమ్మని చక్రం విప్పాను. ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. చక్రం మధ్యలో గిన్నెలాంటి డ్రమ్ ఉంటుంది. దాని లోపల వంపు తిరిగిన రెండు షూలుంటాయి. కాలితో పెడల్ తొక్కితే బ్రేక్ రాడ్ అనే పొడవాటి కమ్మీ ముందుకు లాగబడుతుంది. అది కామ్ అనే చిన్న ఇరుసును తిప్పితే షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. కాలు తీస్తే స్ప్రింగులు షూలను మళ్లీ దగ్గరికి లాగేస్తాయి. ఇంతకు మించి అందులో రహస్యమేమీ లేదు. ఉందని ఆ రోజు నేను అనుకోలేదు కూడా.

షూలు మాడి గాజులా నున్నబడి ఉన్నాయి. డ్రమ్ లోపల నీలం రంగు తిరిగింది. అంటే సారు చెప్పింది నిజమే, బ్రేకు పట్టుకునే నడిచింది. కామ్ చూస్తే దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. శుభ్రంగా తుడిచి, గ్రీజు పెట్టి, కొత్త షూలు వేశాను. నా దగ్గర పని చేసే ఓబులేసును వెనక కూర్చోబెట్టుకుని చాగలమర్రి దారిలో చాలా దూరం పోయి వచ్చాను. డ్రమ్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. సారును గర్వంగా పంపించాను.

ఆయన మరుసటి సోమవారం మళ్లీ వచ్చాడు.

ఈసారి రిటర్న్ స్ప్రింగులు మార్చాను. మళ్లీ వచ్చాడు. బేరింగు చూశాను, చైను వదులు చేశాను. మళ్లీ వచ్చాడు. రాడ్ చివర ఉండే నట్టు బాగా వదులు చేసి, పెడల్‌కు ఫ్రీ ప్లే, అంటే బ్రేకు అందుకునే ముందు ఉండే ఖాళీ కదలిక, ఎక్కువ పెట్టాను. దాంతో అసలు బ్రేకే పడక సారు పోయి ఒకరి బర్రెను గుద్దబోయాడు. భయపడి నట్టు తనే బిగించుకున్నాడు. ఆ వారమే బండి మళ్లీ నిలబడిపోయింది.

నాకు మింగుడుపడని సంగతి ఇంకొకటి ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా సారు అదే బండి మీద బడికి పోతాడు, ఏమీ కాదు. ఆదివారం భార్యతో చర్చికి పోతే పట్టుకుంటుంది. కాన్పుకు పోతే పట్టుకుంటుంది. ఇద్దరి బరువు వల్లేమో అనుకున్నాను. కానీ ఓబులేసు సుగుణమ్మకు రెండింతలుంటాడు. వాణ్ణి ఎక్కించుకుని తిరిగితే ఏమీ కాలేదు. దారి వల్లేమో అనుకున్నాను. చర్చి దారిలోనే గుంతలన్నీ లెక్కబెట్టినట్టు పోయి వచ్చాను. అప్పుడూ ఏమీ కాలేదు. పక్కన టీ అంగడిలో నా మీద నవ్వులు మొదలయ్యాయి.

"ఏందప్పా మస్తానూ, సారు బండి కూడా ఆదివారం సెలవు తీసుకుంటాందంట గదా?"

నవ్వేవాళ్లతో పాటు నేనూ నవ్వాను. చివరికి ఆ చక్రాన్ని బస్సు టాపు మీద వేసుకుని నంద్యాల పోయి ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన చాలాసేపు తిప్పి చూసి, "డ్రమ్ గుండ్రం తప్పింది బేటా" అన్నాడు. లేత్ మీద పెట్టించి లోపల సమంగా చెక్కించాను. ఉస్తాద్ మాటంటే నాకు వేదం. ఆ ఆదివారం చక్రం మళ్లీ పట్టుకుంది, ఉస్తాద్ మాట కూడా తప్పింది. ఇంక ఎవరిని అడగాలో నాకు తెలియలేదు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఆ వానాకాలం సంగతి జరగకపోతే. ఒక పల్లెలో తొలిచూలు పిల్లకు నొప్పులొచ్చాయి. కబురు రాగానే భార్యాభర్తలు బయలుదేరారు. సగం దారిలో చక్రం పట్టేసింది. అది వదిలేదాకా ఆగలేక, బురదలో సంచి మోసుకుంటూ నడిచి పోయేసరికి బిడ్డ పుట్టేసింది. తల్లికి రక్తం ఆగడం లేదు. ఎలాగో రక్తం కట్టేలా చేసి, ఎద్దులబండి మీద ఆస్పత్రికి పంపారు. ఆ తల్లి బతికింది. కానీ పల్లెలో మాట పుట్టింది. సిస్టరమ్మ కూచుంటే బండి కూడా కదలదు, ఆమె కాలు మంచిది కాదు అని. ఆ తర్వాత ఆ పక్క ఊళ్లవాళ్లు ఆమెను పిలవడం తగ్గించి, బొడ్డు కొడవలితో కోసే పాత మంత్రసానినే మళ్లీ పిలవసాగారు.

ఈ సంగతంతా సారే వచ్చి నాకు చెప్పాడు. "బండి అమ్మేస్తాండానప్పా. ఆమె కూడా పల్లెలు వద్దంటాంది. నంద్యాలకు మార్చమని అడుగుతాదంట. రేత్రి కూచోని ఏడిచింది."

బండి బాగుచేయలేకపోవడం ఒక ఎత్తు. నా చేతగానితనానికి ఒక ఆడమనిషి కాలు మంచిది కాదనే పేరు మోయడం ఇంకో ఎత్తు. అమ్మే ముందు ఒక్కసారి, పట్టుకున్న వెంటనే, చల్లారకముందే తెమ్మని సారును బతిమాలాను.

ఆదివారం చర్చి వదిలాక ఆళ్లగడ్డలో పనుండి ఇద్దరూ వచ్చారు. సారు చెమటలు కక్కుతూ బండిని తోసుకొచ్చాడు. డ్రమ్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. కానీ చక్రం అప్పటికే కదులుతోంది.

"సిస్టరమ్మ యాడ సార్?"

"సెట్టి బట్టలంగడి కాడ దించినా. ఎప్పుడూ ఆడే దించుతా. ఈడంతా మొగోళ్లు గదప్పా."

అవును. మా షెడ్డులోకి ఆడవాళ్లు రారు. ఎవరి భార్యయినా, అక్కయినా ఆ అంగడి మెట్ల మీదే కూర్చుని ఎదురుచూసేవారు. మాకు అది మర్యాద. బండి మాత్రం ఆమెతో పాటు పాడై, ఆమె లేకుండా నా దగ్గరికి వచ్చేది. అన్ని నెలల్లో నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనే లేచి అంగడి దగ్గరికి పోయాను. ఆమె కాన్పుల సంచి పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

"అమ్మా, బండి పట్టుకునేటప్పుడు నీకేమన్నా తెలుస్తాదా?"

ఆమె సంచి పక్కకు జరిపి లేచి నిలబడింది.

"నాకే ముందు తెలుస్తాదన్నా. కాళ్ల కింద పలక జివ్వుమంటాది. దావ బాగలేని కాడ పడకుండా కాళ్లు అదిమి పెట్టుకుంటా గదా, అప్పుడే బండి గుంజుతాది."

"సారుకు చెప్పల్యా?"

"చెప్పినా. పలకకూ బ్రేకుకూ ఏం సంబంధమన్న్యాడు. నన్ను ఇంకెవురు అడిగినారు?"

ఆమెను షెడ్డుకు రమ్మన్నాను. టీ అంగడి వాళ్లంతా తల తిప్పి చూశారు. చూడనీ అనుకున్నాను. బండి స్టాండు మీద ఉంది. ముందు చక్రాన్ని ఓబులేసు అదిమి పట్టుకున్నాడు. సారు పక్కన ఆసరాగా నిలబడ్డాడు. ఆమె ఎప్పటిలాగే రెండు కాళ్లూ ఎడమవైపు వేసి కూర్చుని, మడిచి ఉన్న పాదాల పలకను కిందికి దించి, దాని మీద కాళ్లు పెట్టింది. నేను చక్రం తిప్పాను. తిరుగుతోంది.

"ఇప్పుడు కాళ్లు అదిమమ్మా."

చక్రం టక్కున ఆగిపోయింది.

నేను నేల మీద పడుకుని కింద నుంచి చూశాను. పలక వంగి, సరిగ్గా దాని కింద నుంచి పోయే బ్రేక్ రాడ్ మీద కూర్చుంది. రాడ్ కిందికి వంగితే పెడల్ తొక్కినట్టే, షూలు పట్టుకుంటాయి. రాడ్ మీద అక్కడ అరిగి మెరిసే చోటు ఒకటి ఉంది. దాన్ని నేను ఎన్నోసార్లు చూశాను, రాయి తగిలిందనుకున్నాను. మగవాడు వెనక కూర్చుంటే కాళ్లు చెరో పక్క వేస్తాడు, పలక మడిచే ఉంటుంది. సారు ఒక్కడే పోయినా అది మడిచే ఉంటుంది. ఓబులేసు కాదు గదా, ఏనుగును ఎక్కించుకున్నా నాకు ఆ తప్పు దొరికేది కాదు.

"ఈ పలక ఎవురు పెట్టినారు సార్?"

సారు వంగి పలకను చూశాడు. "పాతది ఎత్తులో ఉండె. మోకాళ్లు పైకొచ్చి ఒళ్లో సంచి జారిపోతాంటే, ఇనప గేట్లు అతికే ఆయప్పతో కిందికి దింపించినా."

"ఏమన్నా మార్చినావా అని మొదటి దినమే అడిగితి గదా? ఏమీ లేదన్న్యావే!"

"అది బండిది కాదు గదప్పా. ఆమెది."

నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. భార్య సుఖంగా కూర్చోవాలని చేసిన పని ఆమెనే దారిలో దించేసింది. సుగుణమ్మ మాత్రం నవ్వలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుని, "అయితే నా కాలిది కాదు తప్పు" అంది. ఆ మాట ఆమె మాకు చెప్పలేదు, తనకు తానే చెప్పుకుంది.

పలక కోసేసి, మందమైన పట్టీతో పక్కకు జరిపి, రాడ్‌కు తగలకుండా అతికించాను. ఇద్దరినీ దొర్నిపాడు దారిలో పోయి రమ్మన్నాను. తిరిగొచ్చాక డ్రమ్ చూద్దామని వంగేలోపే ఆమె దిగి, చేతి వెనకవైపు దాని మీద ఆనించింది.

"జొరం లేదన్నా" అంది.

ఆమె నంద్యాలకు బదిలీ అడగలేదు. పల్లెలవాళ్లు మెల్లగా మళ్లీ పిలిచారు. నేను నేర్చుకున్నది చిన్న సంగతే. బండి మాట బండి చెప్పదు, నడిపేవాడు తనకు తోచింది చెప్తాడు, వెనక కూర్చున్న మనిషికి తెలిసింది ఎవరూ అడగరు. అప్పటి నుంచి స్పానరు ముట్టకముందు నా మొదటి ప్రశ్న, వెనక ఎవరు కూర్చుంటారు అన్నదే. షెడ్డులో ఒక కుర్చీ కూడా వేయించాను. మగవాళ్లు కూర్చోబోతే ఓబులేసు లేపేవాడు.

కొన్నాళ్లకు సారు బండి మళ్లీ వచ్చింది. సుగుణమ్మ బట్టలంగడి దగ్గర దిగలేదు. నేరుగా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. సారు నోరు తెరవబోయేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వుండు. అన్నా, ఈసారి చైను. నేను చెప్తా, ఇను."