మెడలో పలుపు లేని ఆవులు

నాకు అనుమానం ఎక్కువ. మా ఆవిడ ఫోన్లో కాస్త గట్టిగా నవ్వినా, పక్కన ఎవరున్నారని రెండుసార్లు అడిగే రకం. అలాంటివాణ్ణి, ఇబ్రా ఊరి బయట ఒక ముసలి ఒమానీ తోటలో పశువులు చూసుకునే పనిలో తొమ్మిదేళ్లు ఉన్నాను. ఇరవై దాకా ఆవులు, కోడెలు. అన్నీ మాంసానికి పెంచేవే. ఇంట్లో మాత్రం పాల డెయిరీ అని చెప్పాను. మా అమ్మకు ఇప్పటికీ అదే తెలుసు. ఆవు కనబడితే దండం పెట్టే ఇంట్లో పుట్టి కోతకు పోయే పశువులకు మేత వేస్తున్నానే అని మొదటి ఏడాది లోలోపల కుమిలిపోయాను. తర్వాత అలవాటైంది. ఖర్జూరాలు, ఎండు చేపలు కలిపి ఉడకబెట్టి పెట్టడం అర్బాబే నేర్పాడు. యజమానిని ఇక్కడ అర్బాబ్ అనే పిలుస్తాం.

అర్బాబ్ మంచివాడే. కాకపోతే మాట తక్కువ. మాట తక్కువ మనుషులంటే నాకు మరీ అనుమానం.

పోయినేడు పశువుల ధరలు ఆకాశాన్నంటాయి. పిలవని వ్యాపారులు పికప్పులు వేసుకొచ్చి కంచె మీద చేతులానించి చూసి పోయేవాళ్లు. దాణా, గడ్డి రేట్లూ అలాగే పెరిగాయి. పక్క తోట అర్బాబ్ ఇంతకన్నా మంచి సమయం రాదనుకున్నాడేమో, ఉన్నవన్నీ అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. అక్కడ పని చేసే జగిత్యాల తమ్ముడికి వీసా క్యాన్సిల్ అయింది. పెట్టె సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, రేట్లు గిట్లున్నప్పుడు మీ ముసలాయన మాత్రం ఉంచుకుంటడా? మావోడు గూడ ఒక్క ముక్క చెప్పలే. వారం తిరగకముందే కొట్టం ఖాళీ. నీ దారి నువ్వు చూస్కో."

ఆ మాట నా చెవిలో పడ్డాక ఇంకేముంది. ఆ రోజు నుంచి అర్బాబ్ మీద నిఘా పెట్టాను. ఆయన ఒక్కో ఆవు వీపు మీద చెయ్యి వేసి ఎక్కువసేపు నిలబడుతున్నాడు. ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు. ఒక శుక్రవారం మస్కట్‌లో ఉద్యోగాలు చేసే కొడుకులిద్దరూ వచ్చి తండ్రితో గట్టిగా మాట్లాడారు. నేను చాయ్ పట్టుకెళ్లగానే నోళ్లు మూసుకున్నారు. నాకొచ్చిన అరబ్బీయే అంతంతమాత్రం. నన్ను చూసి ఆగిపోయారంటే నా సంగతే మాట్లాడుకుంటున్నారన్నమాట.

తర్వాత వారంలో ఒక పొద్దున నేను గడ్డి కోసుకుని వచ్చేసరికి ఆవుల మెడలు బోసిగా ఉన్నాయి. అర్బాబ్ పలుపులన్నీ విప్పేసి, పికప్‌లో పడేసుకుని వెళ్లిపోతున్నాడు. మా వైపు పశువును అమ్మితే పలుపుతో సహా ఇవ్వరు. అమ్మినవాడు పలుపు విప్పి తన దగ్గరే ఉంచుకుంటాడు. పశువు పోయినా లక్ష్మి కొట్టంలోనే ఉండాలని మా నమ్మకం. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకోవాలి. నాకు ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదనిపించింది. ఒమాన్‌లో ఆ పద్ధతి ఉందో లేదో అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

మస్కట్ దగ్గర రుసైల్‌లో మా ఊరాయన ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. మనిషి కావాలని అంతకుముందే అడిగి ఉన్నాడు. నిలబడ్డ చోటు నుంచే ఆయనకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేశాను. నన్ను వాళ్లు గెంటక ముందే నేనే వెళ్లిపోవాలి, అంతే.

మధ్యాహ్నం అర్బాబ్ తిరిగొచ్చాడు. బండి దిగనివ్వకుండానే, వేరే చోట పనికి చేరడానికి యజమాని ఇవ్వాల్సిన రిలీజ్ కాగితం కావాలన్నాను. పక్కానా అని ఒక్కసారి అడిగాడు. పక్కా అన్నాను. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు కొట్టం వైపు చూసి, "తయ్యిబ్" అన్నాడు. సరే అని. కారణం అడగలేదు. అడగలేదు కాబట్టి నా అనుమానం నిజమేనని తీర్మానించుకున్నాను.

బండి వెనక కొత్త పలుపులు ఉన్నాయి. మెత్తటి నూలువి. చూశావా, కొనేవాళ్లకు కూడా ఈయనే కొనిపెడుతున్నాడు అనుకున్నాను. మర్నాడు వాటిని తనే ఒక్కో ఆవుకూ కట్టాడు. పాత పలుపులు ఒరుసుకుని మెడ మీద పుండ్లు పడ్డ చోట ముందు నూనె రాశాడు. నేను పక్కనే గిన్నె పట్టుకుని నిలబడ్డాను. అమ్మబోయే పశువుకు ఇంత సేవ ఎందుకని అప్పుడైనా తట్టాలి కదా. తట్టలేదు నా మట్టి బుర్రకు. పుండు కనబడితే ధర తగ్గుతుందనే చేస్తున్నాడనుకున్నాను.

మూడు వారాలకు ఇబ్రా సంతకు తీసుకెళ్లాం. అక్కడ జనం గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో మనం పశువును తిప్పుతాం, దలాల్ ధర అరుస్తూ పాట పాడతాడు. మొదటి నాలుగూ ఇట్టే పోయాయి. అంత ధర ఎప్పుడూ వినలేదని పక్కవాళ్లు అర్బాబ్‌కు చేతులు కలిపారు. ఆయన ముఖంలో సంతోషం లేదు. ఐదో ఆవు పలుపు నా చేతికిస్తూ, మా ఇద్దరి మధ్య నడిచే కిచిడీ హిందీలో మెల్లగా అన్నాడు.

"తుమ్ రుకేగా, మై నహీ బేచేగా."

నువ్వు ఆగితే నేను అమ్మను అని. కొడుకులు అమ్మెయ్యమని ఏడాదిగా చెవిలో జోరీగల్లా పోరుతున్నారట. ఆ శుక్రవారం గొడవ కూడా అదేనట. వాళ్లకు పశువు దగ్గర నిలబడటమే రాదు, కొత్తవాణ్ణి తెచ్చి నేర్పే ఓపిక తనకు లేదు. నేను ఉన్నాను కదా అనే ధైర్యంతో వచ్చిన ప్రతి వ్యాపారినీ తిప్పి పంపాడట. తొమ్మిదేళ్లలో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడింది అదే మొదటిసారి.

రిలీజ్ కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. రుసైల్‌లో ఇవ్వలేదు. చింపేస్తే అయిపోయేది. పదహారు పశువులు ఇంకా మావే.

కానీ నాకు అప్పుడు కూడా అనుమానమే వచ్చింది. ఇన్నాళ్లూ చెప్పనివాడు ఇప్పుడెందుకు చెబుతున్నాడు? మిగతావి అమ్ముడుపోయేదాకా నేను మధ్యలో వదిలి పోకుండా మంచి చేసుకుంటున్నాడేమో?

దలాల్ మమ్మల్ని పిలిచాడు. అర్బాబ్ నా జవాబు కోసం నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను తల దించుకుని ఆవును జనం మధ్యలోకి నడిపించాను.