మధ్యాహ్నాన్ని ఒప్పుకోని వెటీలియస్ గారు

మా ప్రేటర్ వెటీలియస్ గారు దేవుళ్ళని నమ్మేవారు, చట్టాన్ని నమ్మేవారు, చివరికి వాళ్ళ బావమరిదిని కూడా నమ్మేవారు. మధ్యాహ్నం అయిందంటే మాత్రం చచ్చినా నమ్మేవారు కాదు.

జనం ఓట్లేసి ఏడాదికి ఎన్నుకున్న న్యాయాధికారి ఆయన. రోము నడిబజారులో వేదిక మీద దంతపు కుర్చీ వేసుకుని తగవులు వినేవారు. ఆయన దగ్గర దండోరా వేసేవాణ్ణి నేను, పేరు హిల్లస్. సూర్యుడు నడినెత్తికి రాగానే ఆయన్ని అడిగి, ఆయన తలూపితే "మధ్యాహ్నం!" అని అరవాలి. ఆ అరుపు పడేలోగా తగవులో ఒకడు రాకపోయాడా, వచ్చినవాడిదే గెలుపు. మా పాత చట్టం అంతే, దానికి జాలీ గీలీ లేవు.

"అయ్యగారూ, సూర్యుడు వచ్చేశాడండీ."

"ఎవరు చెప్పారు?"

"కనిపిస్తున్నాడు కదండీ!"

"నిన్న కూడా ఇలాగే కనిపించాడన్నావు. వైద్యుడికి కళ్ళు చూపించుకో."

నీడ కొలుద్దామని కర్ర పాతితే కర్ర వంకరన్నారు. కొత్త కర్ర తెస్తే నేల పల్లమన్నారు. ఇక మబ్బు పట్టిందంటే ఆయనకి పండగే. వేడి శనగలమ్మే ఫాబుల్లా నన్ను చూసినప్పుడల్లా, "ఏం హిల్లస్, మీ అయ్యగారి ఊళ్ళో తెల్లారిందా?" అని పళ్ళికిలించేది. ఎండలో నిలబడి నిలబడి నాకు ఒళ్ళు మండిపోయేది. ఈయనకి ఓటేసినవాణ్ణి చెప్పుతో కొట్టాలనుకునేవాణ్ణి. తీరా చూస్తే వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఒకరోజు పెద్ద భూస్వామి రూబ్రియస్ వచ్చాడు. ఏటి అవతల పెంకులు కాల్చుకునే పాకియస్ బట్టీ ఉన్న స్థలం తనదని వాడి వాదన. పాకియస్‌కి ఒక కాలు అవిటి. ఆ బట్టీ పోతే కూటికి గతిలేదు. రూబ్రియస్ పొద్దున్నే పల్లకీలో దిగి, పరుపు మీద కూర్చున్నాడు. పాకియస్ జాడ లేదు. సూర్యుడు రానే వచ్చాడు, పశ్చిమానికి వాలడం కూడా మొదలెట్టాడు.

"ప్రేటర్ గారూ, మధ్యాహ్నం దాటిపోయింది. బట్టీ నాదని చెప్పెయ్యండి," అన్నాడు రూబ్రియస్.

"సూర్యుడికి లేని తొందర నీకెందుకయ్యా?"

"వచ్చే ఏడు కాన్సుల్ పదవికి నిలబడతారటగా? నా మాట మీద ఓట్లేసేవాళ్ళు మూడొందల మంది ఉన్నారు, గుర్తుంచుకోండి!"

"అలాగా? వాళ్ళందర్నీ పిలిపించు. కూర్చుని ఆకాశం చూద్దాం."

రూబ్రియస్ మొహం కందగడ్డైంది. నా వైపు తిరిగి, "ఈయనకి ఎలాగూ కనపడదు. నువ్వు చెప్పరా హిల్లస్! అయిందా, లేదా?" అని గదిమాడు.

నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూడటమే లేదు. చూపంతా వంతెన వైపు నుంచి వచ్చే దారి మీదే ఉంది. ఆ దారిలో జనాన్ని తోసుకుంటూ, చంకలో కర్రతో, ఒళ్ళంతా మట్టితో పాకియస్ కుంటుకుంటూ వస్తున్నాడు.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. ఇద్దరూ వేళకి వచ్చిన రోజున ఈయన ఏనాడైనా సూర్యుడితో పేచీ పెట్టుకున్నారా? ఒక్కనాడూ లేదు. ఆలస్యమైందల్లా కాలినడకన రావలసినవాళ్ళకే. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నందుకు నాకు నిజంగా సిగ్గేసింది.

"ఎక్కడండీ? ఇంకా కాలేదు," అన్నాను గట్టిగా. "అసలు ఇవాళ సూర్యుడు మరీ నెమ్మదిగా నడుస్తున్నాడండీ."

ఏటికొక ప్రేటర్ దగ్గర పదకొండేళ్ళుగా చేస్తున్న ఉద్యోగంలో నేనాడిన మొదటి అబద్ధం అది.

పాకియస్ వచ్చి వేదిక పట్టుకుని, "వచ్చాను బాబూ... వంతెన మీద ఎడ్ల మంద అడ్డం..." అంటూ రొప్పాడు.

"కూర్చో ముందు. చెమట తుడుచుకో. మీ ఇద్దరి మాటా వింటాను," అన్నారు వెటీలియస్ గారు.

ఆ తర్వాత నా మీద విరుచుకుపడ్డారు.

"గుడ్లప్పగించి చూస్తావేమయ్యా? అరవవేం? నా కడుపులో మధ్యాహ్నమై చాలాసేపైంది!"